జాజు నంబరు, రేకు నంబరు

తల దాచుకునే చోటు లేనివాళ్ళను ఒక్కనాడూ విడిచిపెట్టని నా తండ్రికి స్తోత్రం. డెబ్బై దాటిన ఈ వయసులో కూడా నా కంటికి చూపు, చేతికి కలం పట్టే సత్తువ ఇచ్చినందుకు స్తోత్రం. ఆయన ఇచ్చిన ఇంటి కోసమూ స్తోత్రం చెప్పాలి, ఆయన తీసుకుపోయిన తల్లి కోసమూ స్తోత్రం చెప్పాలి అని మా సంఘంలో నేర్పారు. మొదటిది చిన్నప్పుడే చెప్పగలిగాను. రెండోది నా నోట రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈ నాలుగు మాటలు రాసే ముందు మోకరించి, ఉన్నది ఉన్నట్టు రాసే ధైర్యం మాత్రమే అడిగాను. ఇందులో ఎవరినైనా నేను తప్పు పట్టినట్టు కనిపిస్తే, ఆ తప్పు పట్టడాన్ని కూడా ఆయన పాదాల దగ్గరే పెడుతున్నాను.

పోయిన నెల మా తమ్ముడు సమూయేలు ఫోను చేశాడు. "అక్కా, బోర్డు ఇళ్ళు పడగొట్టేస్తా ఉండారు. మన గుమ్మం మీది రేకు పీకి పెట్టినా. నీకు కావాల్నా, పాత ఇనప సామాన్లోడికి ఎయ్యనా?" అన్నాడు. వాడికి ఏదీ నెమ్మదిగా చెప్పడం చేతకాదు. నేను ఆ వారమే బస్సెక్కి వెళ్ళాను. న్యూస్‌పేపరులో చుట్టి నా చేతిలో పెట్టాడు. అరచేయంత ఇనప రేకు, నాలుగు మూలలా నాలుగు బెజ్జాలు, మధ్యలో సుత్తితో పొడిచిన పదిహేడు అంకె. ఉప్పుగాలికి అంచులు అప్పచ్చిలాగా పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తుప్పు వాసన, దాని కింద ఇంకేదో వాసన. అది మా ఇంటి వాసనే అనుకున్నాను. ఎండుచేపలు, వేపపుల్లల పొగ, తడిసిన పెంకు. రేకు నా ఒళ్ళో పెట్టుకుని బస్సులో తిరిగి వస్తుంటే పక్కన కూర్చున్న అమ్మాయి "ఏందవ్వా అది?" అని అడిగింది. "మా అమ్మ" అని నోటిదాకా వచ్చింది. "ఇంటి నంబరు పాపా" అని చెప్పి ఊరుకున్నాను.

మా ఊరు అల్లూరుకు తూర్పున, సముద్రం హోరు వినిపించేంత దూరంలో ఉండేది. ఒక తుఫానుకు మా వాళ్ళ గుడిసెలన్నీ కొట్టుకుపోయాక, ఊరికీ ఉప్పు కయ్యలకూ మధ్య ఉన్న మెరక మీద పంచాయతీ బోర్డు వాళ్ళు రెండు వరసలుగా పెంకుటిళ్ళు కట్టించారు. మొత్తం ఇరవై నాలుగు. ఒక గది, ముందు చిన్న వసారా, వెనక వంటకు తడికల చాటు. బయటివాళ్ళ కంటికి అన్నీ ఒకటే. లోపల ఉండే మాకు మాత్రం అవి మూడు రకాలు. ఏ ఇల్లు ఏ రకమో గుమ్మం పైన అడ్డచెక్క మీది నంబరును చూస్తే తెలిసిపోయేది. తారుతో రాసిన నంబరుంటే అది కొలువు ఇల్లు. బోర్డులో పనిచేసేవాళ్ళకు, పని ఉన్నన్నాళ్ళే. జాజుతో రాసిన నంబరుంటే అది పదకొండు నెలల ఇల్లు. ఒప్పంద కాగితం తిరగరాసిన ప్రతిసారీ ఎర్రమట్టి నీళ్ళతో నంబరు మళ్ళీ దిద్దుతారు. రేకు నంబరుంటే అది నిలకడ ఇల్లు. ఒకే పేరుతో వరసగా మూడు కాగితాలు పూర్తిచేసినవాళ్ళకు ఆ రేకు కొడతారు. రేకు కొట్టిన ఇంటివాళ్ళను లేపాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి, బోర్డు ముందుకు పిలిచి వాళ్ళ మాట వినాలి. పెంకు పగిలితే బోర్డే వేయించాలి. ఇంటాయన పోతే ఇంటామెకు, ఇంటామె పోతే ఇంటాయనకు, ఇద్దరూ పోతే పిల్లలకు ఆ ఇల్లు దక్కుతుంది. జాజు ఇంటివాళ్ళకు ఇవేవీ లేవు. మూడు రోజులకు మించి చుట్టాన్ని ఉంచుకోవాలన్నా అడగాలి. ఈ సంగతులు మాకెవరూ పాఠంలాగా చెప్పలేదు. ఆడుకునేటప్పుడు కూడా రేకు పిల్లలు ముందు, జాజు పిల్లలు తర్వాత, తారు పిల్లలు చివర నిలబడేవాళ్ళు.

జాజు దిద్దేది నరసయ్య. బోర్డు బంట్రోతు. కొబ్బరిచిప్పలో ఎర్రమట్టి కలుపుకుని, ఈతపుల్లను నమిలి కుంచె చేసుకుని, వరస మొదట్లో అడుగుపెట్టేవాడు. అతని కర్ర నేల మీద తగిలే చప్పుడుకు వరసంతా మాటలాగిపోయేవి. రోట్లో రోకలి ఆగిపోయేది. ఏ గుమ్మం ముందు చిప్ప కింద పెడతాడో, ఏ గుమ్మం ముందు తడి గోనెపట్టా తీస్తాడో ముందుగా ఎవరికీ తెలియదు. చిప్ప కింద పెడితే ఇంకో పదకొండు నెలలు. గోనెపట్టాతో తుడిచేస్తే, సాయంత్రంలోగా సామాను బయట. నరసయ్య చెడ్డవాడు కాదు. నవ్వుతూనే తుడిచేవాడు, నవ్వుతూనే దిద్దేవాడు. అదే భయంగా ఉండేది.

"నంబరు కనిపించని ఇల్లు నా లెక్కలో ఖాళీ ఇల్లే పోలమ్మక్కా" అని ఒకసారి మా అమ్మతో వేళాకోళానికి అన్నాడు. ఆమె దాన్ని వేళాకోళంగా తీసుకోలేదు. వాన మొదలయ్యే సూచన కనిపిస్తే చాలు, పొయ్యి మీద సంగటి కెలకడం వదిలేసి, తాటాకు ముక్క తీసుకుని గుమ్మం మీద నంబరుకు అడ్డంగా కట్టేది. మా తీరానికి వానలొచ్చేది చలికాలం ముందు, వాయుగుండాలతో. గాలి తూర్పు నుంచి ఈడ్చికొట్టేది. తాటాకు ఊడిపోతే అమ్మ కొంగు పట్టుకుని ఆ నంబరును కప్పి నిలబడిన రోజులున్నాయి. ఒళ్ళంతా తడిసి ముద్దయినా నంబరు తడవకూడదు. అయినా అంచులు కరిగి, గుమ్మం మీదుగా ఎర్రటి చారలు కిందికి దిగేవి. ద్వారబంధాలకు రక్తం పూసుకున్న ఇళ్ళను మృత్యువు దాటిపోయిందని సండే స్కూలులో విన్నదాన్ని కనుక, మా గుమ్మం మీది ఎరుపు కారిపోతుంటే నేను లోపలి మూలకు పోయి కూర్చునేదాన్ని. అమ్మ ఆ చారలను వేలితో తుడుస్తూ, "ఏం కాదులే మే, అంకె కనిపిస్తానే ఉండాది" అనేది. ఆమెకు చదువు రాదు. పదిహేడు అనే ఆ రెండు అంకెల ఆకారం మాత్రం కళ్ళు మూసుకుని కూడా గీసి చూపగలదు.

మా ఎదురింట్లో దీపాల మస్తానయ్య ఉండేవాడు. బోర్డు దీపాలు వెలిగించే పని. సాయంత్రం నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరేవాడు, మాకు వేరుశెనక్కాయలు తెచ్చేవాడు. తారు నంబరు ఇల్లు అతనిది. ఒకరోజు నిచ్చెన జారి కాలు విరిగింది. కట్టు కట్టించుకుని మంచం మీద ఉన్నాడు. "కాలు అతుక్కుంటాది, మళ్ళా నిచ్చెనెక్కుతా" అని అందరితో చెప్పేవాడు. నెల తిరగకముందే నిచ్చెన ఇంకొకడి భుజం మీదికి పోయింది. గోనెపట్టాతో తుడిస్తే తారు పోదు కదా, అందుకని నరసయ్య ఆ నంబరు మీద సున్నంతో అడ్డగీత గీశాడు. మస్తానయ్య మంచంతో సహా బండెక్కాడు. బండి వరస దాటేదాకా అతను మాట్లాడుతూనే ఉన్నాడు. అమ్మ వసారాలో నిలబడి మా గుమ్మం వైపు తిరిగి చూసింది. అతని వైపు కాదు. ఆమెకు జాలి లేక కాదని ఇప్పుడు తెలుస్తుంది.

మా నాయన పేరు అప్పుడు చెంచయ్య. ఉప్పు కయ్యల్లో పని. పొద్దు పొడవకముందే పోయి, ఎండ నెత్తికెక్కేదాకా ఉప్పు గోకి కుప్పలు చేసేవాడు. అరికాళ్ళు పగిలి, ఆ పగుళ్ళలో ఉప్పు నిలిచి ఉండేది. ఇంటికి రాగానే అమ్మ గోరువెచ్చని నీళ్ళతో ఆయన కాళ్ళు కడిగి ఆముదం పెట్టేది. ఆ సమయంలోనే ఆయన ఆమెకు వాక్యం చదివి వినిపించేవాడు. ఆయన ప్రభువును తెలుసుకున్నది మా జాజు ఇంట్లో రెండో కాగితం నడుస్తున్నప్పుడు. ఆయన దేన్నీ సగం చేసే మనిషి కాదు. కాలువలో నడుము లోతు నీళ్ళలో నిలబడి, సంఘం మొత్తం చూస్తుండగా, పాత పేరు ఇక తన నోట రాదనీ, ఆ పేరుతో పిలిస్తే పలకననీ ఒప్పుకోలు చేసి యోహానుగా బయటికి వచ్చాడు. అలా అందరూ చెయ్యరు. సంఘంలో చాలామంది ఆదివారం ఒక పేరు, బోర్డు కాగితాల్లో ఒక పేరు పెట్టుకునే బతికేవాళ్ళు. వాళ్ళను నేను తప్పు పట్టను. బోర్డు ఇళ్ళ జాబితా పాత పేర్లతో రాసింది. పేరు మార్చుకున్నామని చెప్తే జాబితాలో ఉంటామా, ఊడతామా అన్నది తెలియదు. అడిగితే ఉన్నది పోతుందేమోనని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. తొమ్మిదో నంబరు ఇంటాయన ఒక్కడే అడిగాడు. తాలూకా కచేరీకి అర్జీ పెట్టుకున్నాడు. జవాబు వచ్చిందో లేదో మాకు తెలియదు. నెల దాటాక ఒక మధ్యాహ్నం నరసయ్య తొమ్మిదో గుమ్మం ముందు గోనెపట్టా తీశాడు, అంతే.

మూడో కాగితం రాయించుకునే రోజు వచ్చింది. ఆ సంతకం అయితే ఇంకో పదకొండు నెలలకు మాకు రేకు. అమ్మ నన్ను కూడా వెంట తీసుకుపోయింది, నేను అప్పటికి చదువుకుంటున్నదాన్ని కనుక కాగితంలో ఏముందో చదివి చెప్పాలని. బోర్డు ఆఫీసులో గుమాస్తా శేషయ్య గారు. పొడుం పీల్చే అలవాటు, మంచి మనిషి, మా నాయనంటే గౌరవం.

"ఏం చెంచయ్యా, ఈ ఒక్కటీ పెట్టెయ్. వచ్చే ఏడు రేకు కొట్టిస్తా" అన్నారు కాగితం తోస్తూ.

"అయ్యా, నా పేరు యోహాను."

"ఆదివారం యోహానువేలే, ఎవురు కాదన్నారు? ఈ పొద్దు బుధవారం."

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. నాయన నవ్వలేదు. "నీళ్ళల్లో నిలబడి ఇంక ఆ పేరుతో పలకనని చెప్పినానయ్యా."

"నిన్నెవురు పలకమన్నారు? రాయమంటున్నా. కాగితానికి చెవులున్నాయా?"

"ఆ మాట చెప్పించుకున్న దేవుడికి ఉన్నాయి గదయ్యా."

శేషయ్య గారు పొడుం డబ్బీ మూసేశారు. గొంతు తగ్గించి, "చూడు నాయనా. ముందు కాగితాల్లో ఏ పేరుందో ఇందులో అదే ఉండాల. వేరే పేరు రాస్తే నువ్వు వేరే మనిషివి. వేరే మనిషి ఇంట్లో ఉంటే నేను ఖాళీ చేయించాల. తొమ్మిదో నంబరోడి సంగతి చూసినావు గదా" అన్నారు. నాయన ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. కలం మాత్రం ముట్టలేదు. ఆయన మొహంలో పంతం లేదు. చెయ్యి కాలుతుందని తెలిసి నిప్పులో పెట్టలేని మనిషి మొహం అది.

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ మా అమ్మ మాట్లాడింది. బోర్డు ఆఫీసులో మా ఆడవాళ్ళు నోరెత్తడం నేను అదే మొదలు చూడటం. "అయ్యా, ఆ జాబితాలో నా పేరుండాదా?"

ఆయన పుస్తకం తిరగేశారు. "ఉండాది. చెంచయ్య భార్య పోలమ్మ."

"నా పేరు మీద రాస్తే?"

"రాయొచ్చు. ఆడోళ్ళ పేరున రాయకూడదని రూలేం లేదు. అయితే మొదటికొస్తది మే. మళ్ళా మూడు కాగితాలు. మూడింట్లోనూ ఇదే పేరు, ఇదే వేలిముద్ర. మధ్యలో మీ ఆయన మాదిరి నువ్వూ పేరు మార్చినావంటే నా చేతుల్లో ఏమీ లేదు."

"మారదయ్యా" అంది అమ్మ.

నేను ఆమె కొంగు పట్టుకుని లాగాను. ఎందుకంటే ఇంకో రెండు నెలల్లో ఆమె బాప్తిస్మం. పాస్టరు గారు ఆమెకు మార్తమ్మ అని పేరు కూడా చెప్పి ఉన్నారు. ఆ పేరు రాయడం నేర్పమని నన్ను రోజూ అడిగేది. గిన్నెలు తోమే బూడిద నేల మీద పరిచి, వేలితో ఆ అక్షరాలు దిద్దుకునేది. మా సంఘంలో ఆ రోజుల్లో కొత్త పేరు లేకుండా బాప్తిస్మం లేదు. బాప్తిస్మం లేకుండా సంఘం పుస్తకంలో చోటు లేదు, ప్రభువు బల్లలో చెయ్యి లేదు. శేషయ్య గారు కాగితం రాశారు. అమ్మ బొటనవేలికి సిరా పూశారు. ముద్ర వేశాక ఆ వేలిని చీరకు తుడుచుకోకుండా, పైకెత్తి పట్టుకుని బయటికి నడిచింది.

కయ్యల గట్టు మీద ఇంటికి నడుస్తున్నాం. నాయన ముందు, మేము వెనక. చాలా దూరం పోయాక ఆయన తిరగకుండానే, "పోలీ, ఏం చేసినావో తెలుసా?" అన్నాడు.

"తెలుసు. నువ్వు దేవుడికిచ్చిన మాట నిలబెట్టుకో. నేను కప్పు నిలబెడతా."

"ఈ మూడేండ్లల్లో నీకేమన్నా అయితే?"

"ఏమయితాది? కయ్యల్లో ఎండకే చావనిదాన్ని" అని నవ్వింది. మా ఇద్దరికీ నవ్వు రాలేదు. సముద్రం వైపు నుంచి ఆ పూట గాలి లేదు. కయ్యల్లో నీళ్ళు అద్దంలాగా కదలకుండా ఉన్నాయి. ఆమె ఎత్తిపట్టుకున్న సిరా వేలు ఆ నీళ్ళలో కూడా కనిపించింది.

ఆ తర్వాత మూడేళ్ళూ మా ఇల్లు ఏదో కనిపెట్టుకుని ఉన్నట్టే గడిపింది. ప్రతి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం వరసలు దాటి వస్తుంటే అమ్మ చాప చివర నుంచి లేచి గుడి వెనక తలుపు దగ్గరికి పోయి కూర్చునేది. పాటలన్నీ ఆమెకు నోటికి వచ్చు. తలుపు దగ్గర నుంచే పాడేది, గొంతు మాత్రం అందరికంటే ముందు వినిపించేది. సంఘం ఆడవాళ్ళు, "ఏమ్మే పోలమ్మా, నీ మార్తమ్మ ఇంకా పుట్టలేదా?" అని ఎకసెక్కాలాడితే, "నెలలు నిండాల గదమ్మా, తొందరపడితే ఎట్టా?" అని తిప్పికొట్టేది. పాస్టరు గారు ఇంటికి వచ్చి, ఆలస్యం చెయ్యడం మంచిది కాదని రెండుసార్లు చెప్పారు. అమ్మ కారణం చెప్పలేదు. చెబితే పాస్టరు గారు బోర్డు వాళ్ళ దగ్గరికి పోతారు, పోతే తొమ్మిదో నంబరు అవుతుంది అని ఆమె భయం. నాయన కూడా చెప్పలేదు. ఆ మౌనం ఆయన్ను ఎంత తిన్నదో నాకు తెలుసు. కాళ్ళు కడిగించుకోవడం మానేశాడు. "నేనే కడుక్కుంటాలే" అనేవాడు.

నాయన మారాక మా ఇంటికి ఊరూరా తిరిగే సువార్తికులు వచ్చేవాళ్ళు. జాజు ఇంట్లో అడగకుండా మూడు రోజులకు మించి ఎవరూ ఉండకూడదు. నరసయ్య వసారాలో చెప్పులు లెక్కపెట్టేవాడు. ఒక ముసలి సువార్తికుడు జ్వరంతో ఆరు రోజులున్నప్పుడు అమ్మ ఆయన చెప్పులు బియ్యం కుండలో దాచింది. నరసయ్య వచ్చి, వాసన పట్టినట్టు అటూ ఇటూ చూసి, "పోలమ్మక్కా, మీ ఇంట్లో దగ్గుతా ఉండేది ఎవురు?" అన్నాడు. "మా మేక" అంది అమ్మ. "మేక పాటలు పాడతా ఉండాదే?" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అతను వెళ్ళాక అమ్మ ఆ చెప్పులను బియ్యంలో ఇంకా లోతుకు దూర్చింది. అబద్ధం ఆడినందుకు ఆ పూట అన్నం తినలేదు.

రేకు కొట్టిన రోజు నాకు బాగా గుర్తు. నరసయ్య చిప్ప తేలేదు, గోనెపట్టా తేలేదు. సుత్తి, నాలుగు మేకులు తెచ్చాడు. జాజు మీదనే రేకు పెట్టి కొట్టాడు. "ఇంక నీ గుమ్మంతో నాకు పనిలేదు పోలమ్మక్కా. వాన రానీ, గాలి రానీ" అన్నాడు. అమ్మ అతనికి అంబలి ఇచ్చింది. గూట్లో దాచిన తాటాకు ముక్కను తెచ్చి పొయ్యిలో పెట్టి దాని మంట మీదనే ఆ పూట చేపల పులుసు కాచింది. మరుసటి ఆదివారం తనే నిలబడి పాస్టరు గారితో చెప్పింది, సిద్ధమేనని. వచ్చే నెల మొదటి ఆదివారానికి నిర్ణయమైంది. కొత్త పేరు మాటేమిటని నేను అడిగితే, నిలకడ ఇల్లయ్యాక నోటీసివ్వకుండా, మాట వినకుండా ఎవరూ లేపలేరని శేషయ్య గారు చెప్పారంది. నాయన నెల్లూరు పోయి తెల్లచీర తెచ్చాడు. ట్రంకుపెట్టెలో వేపాకు వేసి దాచింది. రోజూ ఒకసారి మూత తీసి చూసేది.

ఆ ఏడు వాయుగుండం ముందుగా పట్టింది. కాలువ పొంగి బావుల్లో కలిసింది. ఊళ్ళో వాంతిభేది మొదలైంది. మొదట మత్స్యకారుల పాలెంలో, తర్వాత మా వరసలో. బాప్తిస్మానికి పన్నెండు రోజులు ఉందనగా తెల్లవారి అమ్మకు మొదలైంది. మధ్యాహ్నానికల్లా ఆమె వేళ్ళు నానిన గుడ్డలాగా ముడతలు పడిపోయాయి. మాట రావడం లేదు. నా అరచేయి తీసుకుని, దాని మీద వేలితో మార్తమ్మలోని మొదటి అక్షరం రాసింది. రెండోది రాయలేదు.

పాస్టరు గారు కోవూరు కూటాలకు పోయి ఉన్నారు. వాంతిభేది శవాన్ని ఉంచకూడదు. మా సంఘం పెద్ద దానియేలు తాత దగ్గర సమాధుల తోట పుస్తకం ఉండేది. మాకందరికీ పాటలు నేర్పింది ఆయనే. వసారాలో కూర్చుని ఏడ్చాడు. ఏడుస్తూనే, "యోహానూ, సంఘం పుస్తకంలో ఆమె పేరు లేదు నాయనా. పేరు లేనోళ్ళకి లోపల చోటివ్వడానికి నాకు అధికారం లేదు" అన్నాడు.

మా నాయన వాదించలేదు. రూలు మీద నిలబడి బతికిన మనిషికి రూలుతో వాదించే మాటలు ఎక్కడివి? "తాతా, నా పేరు నిలబెట్టడానికి ఆమె పేరు ఆపుకునింది" అని మాత్రం అన్నాడు. తర్వాత గడ్డపార తీసుకుని, సమాధుల తోట ప్రహరీ బయట, సముద్రం వైపు ఇసకలో తనే తవ్వాడు. ఆ తెల్లచీరనే కప్పాడు. దాని గురించి మాత్రం తాత ఏమీ అనలేదు.

మూడో రోజు నరసయ్య కర్ర చప్పుడు వినిపించింది. వరసలో రోకళ్ళు ఆగిపోయాయి. తమ్ముడు వాడికి తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు. పరిగెత్తి, అమ్మ మాదిరి గుమ్మం మీది నంబరును కప్పబోయాడు, చెయ్యి అందలేదు. నేను వాణ్ణి నా వెనక్కి లాక్కున్నాను. నరసయ్య మా గుమ్మం ముందు ఆగి రేకు వంక చూశాడు. చేతిలో గోనెపట్టా లేదు. "రేకు ఇల్లు. నేను ముట్టేది లేదు. యోహానన్నను ఒకసారి ఆఫీసుకు రమ్మన్నారు" అన్నాడు. నరసయ్య నాయనను ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి.

శేషయ్య గారు పుస్తకం తెరిచి పెట్టుకుని ఉన్నారు. నిలకడ ఇల్లు భార్య పోతే భర్తది. భర్త పేరేమిటని అడగాలే తప్ప, అది పాత జాబితాలో ఉందా లేదా అని అడగనక్కరలేదట. పొడుం పీల్చకుండా, తల ఎత్తకుండా రాశారు: పోలమ్మ భర్త యోహాను. రాసి నా వైపు తిప్పి చదవమన్నారు. చదివాను. నాయన ఆ పేజీ మీద చెయ్యి పెట్టాడు. మూడేళ్ళు ఆ పుస్తకంలోకి రాలేకపోయిన పేరు ఆమె చావు పట్టుకుని లోపలికి వచ్చింది. ఆయన బతికినంత కాలం ఆ ఇంట్లోనే ఉన్నాడు. పెంకు పగిలితే మాత్రం బోర్డు వాళ్ళను ఎన్నడూ అడగలేదు, తనే వేసుకునేవాడు. ఆ హక్కు తనది కాదని అనుకున్నాడేమో.

ఇప్పుడు అన్నీ మారాయి. ఇంటి పట్టాలు ఆడవాళ్ళ పేరుతోనే ఇస్తున్నారు. మా తమ్ముడి కోడలు తన పట్టా ఫోనులో తెరిచి నాకు చూపించింది. వేలితో నెడితే పేరు, ఫోటో, అన్నీ వచ్చాయి. గుమ్మం మీద ఎరుపు కరిగిపోతుందని కొంగు పట్టుకుని నిలబడటం ఏమిటో ఆ పిల్లకు చెప్పాలని చూశాను. మర్యాదగా విన్నది. సంఘంలో ఇప్పుడు పేరు మార్చుకోమని ఎవరూ అనరు. పోలమ్మలూ చెంచమ్మలూ ఆ పేర్లతోనే నీళ్ళలోకి దిగి వస్తున్నారు. మంచిదే. చూసి సంతోషిస్తాను. సంతోషిస్తూనే, ఇంత తేలికైన దానికి అప్పుడు అంత ఎందుకు చెల్లించామని లోపల ఒక గొంతు అడుగుతుంది. ఆ గొంతును సాతానుది అని కొన్నాళ్ళు గద్దించాను. ఈ మధ్య గద్దించడం లేదు. అది నా గొంతేనని తెలిసింది. కొన్నేళ్ళ కిందట సంఘ కమిటీ ముందు నిలబడి, మా అమ్మ పేరు పుస్తకంలో రాయమని అడిగాను. చనిపోయినవాళ్ళను చేర్చే పద్ధతి లేదన్నారు. వాళ్ళు మర్యాదగానే చెప్పారు. దానియేలు తాతలాగా ఏడవలేదు, అంతే.

రేకు తీసుకుని వచ్చిన మూడో రోజు మళ్ళీ ఊరికి పోయాను. ప్రహరీ బయట ఇప్పుడు రొయ్యల గుంటలు వచ్చాయి. గుంట గట్టు ఏటేటా ఇటువైపు జరుగుతోంది. అమ్మ ఉన్న చోటికీ ఆ గట్టుకూ మధ్య పది అడుగులు ఉందేమో. ఉప్పునీళ్ళు కింద నుంచి ఊరడంతో ఇసక నల్లబడింది. అక్కడ ఉన్నవాళ్ళకు నోటీసు ఎవరిస్తారు, వాళ్ళ మాట ఎవరు వింటారు? తమ్ముడు ఒక సవక కర్ర పాతాడు. దానికి ఆ రేకును నాలుగు మేకులతో కొట్టాం. వాడు సుత్తి కింద పెట్టి, "అక్కా, అమ్మకి ఇది నిలకడ ఇల్లే గదా?" అన్నాడు. నేను మోకాళ్ళ మీదికి దిగాను.

ఇది చదువుతున్న మీరు ఏ సంఘంవారైనా, ఏ గుడివారైనా, చదవడం ఆపి ఒక్క క్షణం నాతో పాటు తల వంచమని అడుగుతున్నాను. తలుపు దగ్గర కూర్చుని పాడిన గొంతును మరిచిపోని ఆ తండ్రిని అడగండి, ఆయన చేతిలోని పుస్తకం తెరిచిన రోజు ఆమెకు చోటు చూపించమని. ఆమె పేరు పోలమ్మ. ఆ పేరుతోనే ప్రార్థించండి. ఇంకో పేరు రాసుకునేంత సమయం ఆమెకు చిక్కలేదు.